చిన్న ఇంటికి మంద్రస్వరపు పెట్టె

మాకు వచ్చు శ్రోతల ఉత్తరములలో అధికభాగము పాటలు కోరుచు వ్రాసినవి. కొన్ని ప్రసార సమయములను గురించిన ఫిర్యాదులు. యంత్రమును గురించి ప్రశ్నించు ఉత్తరము ఎప్పుడో గాని రాదు. ఇడుపులపాయ సమీపమునుండి ఒక రైతు వ్రాసిన ఉత్తరము అట్టి అరుదైన వానిలో ఒకటి. దానిలోని మాటలను దాదాపు యథాతథముగా ఇచ్చుచున్నాను.

“అయ్యా, మా నాయన నలభై ఏండ్లు భజనల్లో మృదంగం వాయించినాడు. ఆయన పోయి మూడేండ్లయింది. ఒక క్యాసెట్టు మిగిలింది. దాన్ని మా పిల్లోడు సెల్‌ఫోనులోకి ఎక్కించినాడు. ఇంట్లో పాత ఆంప్లిఫయరుకు రెండు చిన్న స్పీకర్లు తగిలించి వింటున్నాము. కుడిచెయ్యి వినపడుతుంది, ఎడమచెయ్యి వినపడదు. మా అమ్మ, సగం మనిషే వినపడుతున్నాడు అంటుంది. బుడ్డలమ్మిన దుడ్డులో పదివేలు పక్కన పెట్టినాను. సబ్‌వూఫర్ కొనమని అంగట్లో చెప్పినారు. కొనవచ్చునా? ఏది కొనాలి?”

పదివేల రూపాయలు ఒక రైతు ఇంట చిన్న మొత్తము కాదు. కొన్న తరువాత కూడ ఎడమచేయి వినపడనిచో ఆ తల్లికి ఏమి చెప్పవలెను? ఇట్టి ప్రశ్నకు కార్డు ముక్కపై జవాబు వ్రాయుటకు మనసు రాలేదు. అందుచేత ఈ ప్రసంగము.

మొదట మృదంగమును గురించి. కుడిమూతపై నల్లని కరణి పూత యుండుటచేత ఆ మూత సాధారణపు డప్పువలె గందరగోళముగా మ్రోగక, తీగవలె శ్రుతిబద్ధమైన అనుస్వరములను పలుకును. ఈ సంగతిని సి. వి. రామన్ 1920లో ‘నేచర్’ పత్రికలోను, మరల 1934లో విపులమైన వ్యాసములోను నిరూపించెను. ఎడమమూత సంగతి వేరు. దానినే తొప్పి అందురు. కచ్చేరికి ముందు దాని నడుమ తడిపిన రవ్వముద్ద నంటింతురు. ఆ బరువుచేత మూత నెమ్మదిగా కదలి లోతైన ధ్వని పుట్టును. మణికట్టుతో నొక్కి రాచినప్పుడు వచ్చు ఆ ‘గుమ్’ అను జారుడు శబ్దములో ముఖ్యభాగము సెకనుకు వంద కంపనముల చుట్టుప్రక్కల, తరచు అంతకు దిగువను ఉండును. సెకనుకు ఒక కంపనమును ఒక హెర్ట్జ్ అందురు గనుక, ఇక ముందు ఆ మాటనే వాడెదను.

మానవుని చెవి 20 మొదలు 20,000 హెర్ట్జుల వరకు వినగలదని పాఠ్యపుస్తకములు చెప్పును. పురుషుని కంఠస్వరపు మూలము సుమారు 85 వద్ద ఆరంభమగును. సినిమా పాటలలో మనము వినెడి బేస్ గిటారు అడుగు తీగ 41 వద్ద పలుకును. పియానో ఎడమకొన మెట్టు 27.5. ఇవన్నియు గాలిని త్రోయుటచేతనే పుట్టును. స్పీకరు చేయు పనియు అదియే. 1925లో అమెరికాలో రైస్, కెలాగ్ అను ఇద్దరు ఇంజనీర్లు వెలువరించిన పద్ధతిలోనే నేటికిని అధికభాగము స్పీకర్లు తయారగుచున్నవి. అయస్కాంతపు సందులో తీగచుట్ట, దాని కంటించిన కాగితపు గరాటు, అది ముందుకు వెనుకకు ఊగుట.

ఇందులో ఒక కఠినమైన లెక్క కలదు. ఒకే గట్టిదనముతో వినిపింపవలెనన్నచో, స్వరము సగమునకు దిగినప్పుడెల్ల గరాటు నాలుగు రెట్లు అధికముగా ఊగవలెను. 100 హెర్ట్జుల వద్ద ఒక మిల్లీమీటరు కదలిన గరాటు 50 వద్ద నాలుగు మిల్లీమీటర్లు, 25 వద్ద పదునారు మిల్లీమీటర్లు కదలవలెను. నాలుగంగుళముల చిన్న గరాటు అంత దూరము ఎట్లు ఊగగలదు? ఊగలేదు. కనుక ఆ స్వరములను అది విడిచిపెట్టును, లేదా ఊగబోయి వికృతముగా బరబర లాడును. ఎనిమిదంగుళముల గరాటు వైశాల్యమున దానికి నాలుగింతలు. అందుచేత నాల్గవవంతు కదలికతోనే ఆ పనిని నెరవేర్చును. సబ్‌వూఫర్ అను దానిలో రహస్యమింతే. పెద్ద గరాటు, దానిని ఊపుటకు తగిన ఆంప్లిఫయరు, రెండిటికిని ఒక దిట్టమైన పెట్టె. అడుగు స్వరములను మాత్రమే అది చూచుకొనును. తక్కినవాటిని చిన్న స్పీకర్లకు విడుచును.

ఇక్కడ ఒక సందేహము రావచ్చును. ఇన్నేండ్లు మనము చిన్న ట్రాన్సిస్టరులో కచ్చేరీలు వింటిమి గదా, మృదంగము లేదని ఎవరును అనలేదే! అనకపోవుటకు కారణము చెవి చేయు ఒక గారడి. మూలస్వరము లేకున్నను, దాని అనుస్వరములు వరుసగా వినబడినచో, మూలము ఉన్నట్లే చెవి ఊహించుకొనును. రెండంగుళముల స్పీకరులో కూడ పురుషకంఠమును పురుషకంఠముగానే గుర్తించుటకు ఇదియే హేతువు. అయితే తొప్పి ధ్వనిలో అనుస్వరములు పలుచన. ఊహకు ఆధారము చాలదు. ఆ ముసలమ్మ చెవి మోసపోలేదన్నమాట. వయస్సు మీరినకొలది మనకు తగ్గునది హెచ్చుస్వరముల వినికిడి. అడుగు స్వరములు చాలకాలము నిలిచియుండును. నలభై ఏండ్లు ప్రక్కన కూర్చుండి విన్న చెవికి లోటు తెలియకుండునా?

పూర్వపు వాల్వు రేడియోలు గల ఇండ్లవారు ‘పాత సెట్టులో పాట నిండుగా ఉండెడిది’ అనుట వట్టి మమకారము కాదు. ఆ కొయ్యపెట్టెలలో ఆరు, ఎనిమిది అంగుళముల స్పీకర్లుండెడివి. ట్రాన్సిస్టరు వచ్చి యంత్రము చేతిలోనికి దిగినప్పుడు గరాటు కూడ అరచేతి కొలతకు దిగెను. సెల్‌ఫోను నాటికి గోటి కొలత. సౌకర్యము పెరిగిన దారిలో మంద్రస్వరము జారిపోయినది.

కొనుటకు ముందు చేయవలసిన పని యొకటి కలదు. దానికి ఖర్చు లేదు. ఆ రైతుకు మొదట దీనినే వ్రాసితిని. “అంగడికి పోవద్దు. తలకు పెట్టుకొను మంచి హెడ్‌ఫోను ఎవరియొద్దనైన అడిగి తెచ్చి, దానిలో ఆ రికార్డును వినుడు. ఎడమచేయి అందులోనైన వినపడుచున్నదా?” చెవిని పూర్తిగా మూయు హెడ్‌ఫోను, చెవికి అతి సమీపమున నుండుటచేత, అడుగు స్వరములను సులభముగా అందించును. అందులో కూడ ధ్వని లేనిచో అది క్యాసెట్టులోనే లేదు. లేనిదానిని ఏ పెట్టెయు పుట్టింపలేదు. పాత టేపురికార్డర్లలో లోపలనే యుండు చిన్న మైకులు అడుగు స్వరములను సరిగా పట్టెడివి కావు. ఆ మైకుతో పట్టినదైనచో ఆశ తక్కువ. విడి మైకుతో పట్టినదైనచో ఆశ కలదు.

పది దినములకు జవాబు వచ్చినది. కాలేజీలో చదువు పొరుగువారి పిల్లవానియొద్ద హెడ్‌ఫోను తెచ్చిరట. “ఉంది సార్, సన్నగా ఉంది. దాంతోపాటు ఒక గుయ్యిమనే రొద కూడా ఉంది.” ఆ రొద సంగతి తరువాత చెప్పెదను.

ఇక అంగడి. ప్రొద్దుటూరులోనైనను, పులివెందులలోనైనను, అంగడిలో మొదట చూపునవి మూడు పెట్టెల సెట్లు. ఒక వూఫరు, రెండు చిన్న స్పీకర్లు. వానిని 2.1 సెట్లందురు. అట్టపెట్టెపై ఐదువేల వాట్లనియో, పదివేల వాట్లనియో ముద్రించి యుండును. దాని ప్రక్కన చిన్న అక్షరములలో పి.ఎం.పి.ఓ. అని యుండును. ఆ నాలుగక్షరములకు ఒక నిర్దిష్టమైన కొలతబద్ద లేదు. ఎవరికి తోచిన అంకె వారు వేసికొనవచ్చును. చాలకాలము క్రిందట నేనును అట్టి అంకెను చూచి ఒక సెట్టు కొని, ఇంటికి తెచ్చి, వెనుకభాగము త్రిప్పి చూచితిని. దానికి కరెంటిచ్చు అడాప్టరుపై 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని యుండెను. పండ్రెండును రెంటితో హెచ్చింపగా ఇరువదినాలుగు వాట్లు. లోనికి ఇరువదినాలుగు పోవుచుండగా బయటికి ఐదువేలు ఎట్లు వచ్చును? రేడియోలో పనిచేయువాడు మోసపోయెనని ఇంటివారు నేటికిని నవ్వుచుందురు.

చూడవలసినది ఆర్.ఎం.ఎస్. వాట్లు. ఎడతెగక ఇయ్యగల శక్తి అది. చిన్న గదికి వూఫరునకు 50 మొదలు 100 ఆర్.ఎం.ఎస్. వాట్లు చాలును. వాట్ల విషయములో ఇంకొక భ్రమ కలదు. 50 వాట్లు 100 అయినచో శబ్దము రెండింతలగునని చాలమంది తలంతురు. పెరుగునది మూడు డెసిబెళ్ళు మాత్రమే. చెవికి అది ‘కొంచెము హెచ్చు’ అని తోచును. రెండింతలుగా తోచవలెనన్నచో పదింతల వాట్లు కావలెను. కనుక 60కిని 80కిని నడుమ తేడాకై వేయి రూపాయలు అదనముగా ఇయ్యవలదు. ఆ వేయి పెట్టెమీద పెట్టుడు.

పెట్టెను వ్రేళ్ళ కణుపులతో తట్టి చూడవలెను. డబ్బావలె మ్రోగినచో అది సంగీతములోను మ్రోగుచునే యుండును. మందమైన పలకతో చేసిన బరువైన పెట్టె ‘టక్’ మని ఊరకుండును. బరువును చూచి కొనుట సంగీతవిషయములో హాస్యముగా తోచవచ్చునుగాని, వూఫరు విషయములో అది మంచి ఆనవాలు.

పెట్టెలు రెండు జాతులు. అన్ని వైపుల మూసినవి యొకటి. గాలిగొట్టము గలవి యొకటి. మూసిన పెట్టెను చిన్నదిగా చేసి లోతైన ధ్వని రాబట్టవచ్చునని 1954లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్ చూపెను. లోపలి గాలియే స్ప్రింగువలె గరాటును వెనుకకు లాగుననుట ఆయన యుక్తి. గొట్టపు పెట్టెలకు సరియైన గణితమును 1961లో ఆస్ట్రేలియాలో థీల్ వ్రాయగా, 1970 దశకములో రిచర్డ్ స్మాల్ దానిని విస్తరించెను. గొట్టపు పెట్టె అదే వాట్లకు హెచ్చు శబ్దమిచ్చును. కాని ఒక హద్దునకు దిగువ స్వరము హఠాత్తుగా పడిపోవును. ఒక స్థాయి దిగువకు ఇరువదినాలుగు డెసిబెళ్ళు. మూసిన పెట్టెలో పతనము దానిలో సగము, పండ్రెండే. చౌకగా చేసిన గొట్టపు పెట్టెలలో ఒకే స్వరము ‘బూం బూం’ మని లేచి, తక్కిన స్వరములన్నిటిని కప్పివేయును. పెండ్లి పందిళ్ళలో పాటలకు అది చాలునేమో. తొప్పిపై మణికట్టు జారునప్పుడు స్వరము క్రమముగా మారవలెను గదా. ఒకే స్వరమును పలుకు పెట్టె ఆ జారుడును చంపివేయును. చిన్న గదిలో సంగీతమునకు నేను మూసిన పెట్టెనే మెచ్చుకొందును. గొట్టపు పెట్టెలలో మంచివి లేవని కాదు. మంచివి పదివేలలో దొరకుట కష్టము.

అట్టపెట్టెపై ‘20–200 హెర్ట్జ్’ అని యున్నచో దానిని నమ్మవలదు. ఎన్ని డెసిబెళ్ళ తగ్గుదలతో ఆ 20 చేరునో చెప్పకున్నచో ఆ అంకె వట్టిది. ‘మూడు డెసిబెళ్ళ తగ్గుదలతో 40’ అని నిజాయితీగా వ్రాసినవాడు, ‘20’ అని ఊరక వ్రాసినవానికంటె మేలైన వస్తువునే ఇచ్చుచున్నాడనుకొనవచ్చును. మృదంగమునకు, వీణకు, పాత సినిమా పాటలకు 40 చాలును. దానికంటె దిగువనున్నవి భూకంపములు, విమానములు. 1974లో ‘ఎర్త్‌క్వేక్’ అను ఆంగ్లచిత్రమునకు సినిమాహాళ్ళలో కుర్చీలు అదరునట్లు పెద్ద వూఫర్లను అమర్చిరి. మన ఇంటి గచ్చు అదరవలసిన అవసరము లేదు.

అంగడిలో మరి మూడు చూడవలెను. ఎంత స్వరము వరకు వూఫరు పలుకవలెనో నిర్ణయించు గుండీ, అనగా క్రాస్ఓవరు. శబ్దము హెచ్చుతగ్గుల గుండీ. దశ మార్చు మీట, అనగా ఫేజు. ఇవి లేని పెట్టె, కళ్ళెము లేని గుర్రము. పాత ఆంప్లిఫయరు గల ఇంటివారు ఇంకొక సంగతిని గమనింపవలెను. పాత యంత్రములకు వూఫరు కొరకు ప్రత్యేకపు రంధ్రము ఉండదు. అందుచేత స్పీకరు తీగలనే నేరుగా తీసికొను బిగింపులు వూఫరుకు ఉండవలెను. అవి లేనిచో కొన్న వస్తువు ఆ ఇంట పలుకదు.

పదివేలలో క్రొత్త వస్తువుకంటె, మంచి పాత వస్తువు మేలు అని నా అభిప్రాయము. కడపలోను, ప్రొద్దుటూరులోను ఉద్యోగులు బదిలీలపై పోవునప్పుడు అమ్మునవి దొరకుచుండును. పాతదానిలో మొదట చెడునది గరాటు చుట్టు అంచు. అది స్పంజి అయినచో మన సీమ వేడికి కొన్నియేండ్లలో పొడియై రాలును. రబ్బరు అయినచో మన్నును. రెండు చేతుల వ్రేళ్ళను గరాటు అంచున సమానముగా ఆనించి మెల్లగా లోనికి నొక్కుడు. మెత్తగా పోయి వచ్చినచో మంచిది. గరగర మన్నచో తీగచుట్ట అయస్కాంతమునకు రాచుకొనుచున్నది. దానిని ఎంత చౌకైనను కొనవలదు.

మన రైతు ఎనిమిదంగుళముల మూసిన పెట్టె నొకదానిని ఆరువేల అయిదువందలకు సంపాదించెను. ఏ కంపెనీదో నేను చెప్పను. ప్రకటనలు చేయుట నా పని కాదు.

ఇంటికి తెచ్చిన తరువాతనే అసలు కథ. అదే శ్రావణమాసములో గండి ఆంజనేయస్వామి ఉత్సవముల సందర్భమున నాకు ఆవైపు పని పడినది. పాపఘ్ని నది కొండను చీల్చుకొని వచ్చు ఆ చోటినుండి ఇడుపులపాయ దూరము కాదు. సాయంకాలము ఆ ఇంటికి పోయితిని. పాతకాలపు మిద్దె. రెండడుగుల మందము గోడలు. నేలపై కడప బండలు. గది నిడుపు పదిహేనడుగులు, వెడల్పు పది, ఎత్తు తొమ్మిది. వూఫరును వారు మూలనుంచిరి. పాట పెట్టగానే గదియంతయు ఒక ఘోష. గోడకు ఆనుకొని కూర్చున్న ముసలమ్మ చెవులు మూసికొనెను. గది నడుమ నిలిచిన నాకు మాత్రము ఏమియు ప్రత్యేకముగా వినపడలేదు! ఒకే గదిలో, ఒకే క్షణమున, ఇద్దరికి రెండు తీరులుగా.

ఇది పెట్టె తప్పు కాదు, గది తీరు. మన వాతావరణములో ధ్వని సెకనుకు సుమారు 1,140 అడుగులు పోవును. 50 హెర్ట్జుల అల పొడవు దాదాపు ఇరువదిమూడడుగులు. అంత పొడవైన అల పదిహేనడుగుల గదిలో పడినప్పుడు, గోడకు తగిలి తిరిగివచ్చి, తన్ను తానే కలిసికొనును. గది నిడివికి రెండింతలు సరిపోవు అల ఏదో, అది రెండు గోడల నడుమ నిలిచి ఊగును. పదిహేనడుగులకు అది 38 హెర్ట్జుల వద్ద, పదియడుగులకు 57 వద్ద, తొమ్మిదడుగుల ఎత్తునకు 63 వద్ద. ఆ స్వరములు గోడల దగ్గర ఉబ్బును, నడుమ అణగును. మూల యనగా మూడు తలములు కలియు చోటు. అక్కడనుంచిన పెట్టె ఈ ఊపుల నన్నిటిని ఒక్కసారి రేపును. పది, పది, పది అడుగుల ఘనమైన గదులు గలవారు మరింత జాగ్రత్తపడవలెను. అక్కడ మూడు ఊపులును ఒకే స్వరమున పడును.

కొందరు గోడలకు దుప్పట్లు వ్రేలాడదీయుదురు. దానివలన పై స్వరములు మెత్తబడునుగాని, ఇరువదిమూడడుగుల అలకు అరయంగుళపు దుప్పటి ఒక లెక్క కాదు. మట్టిగోడ, రాతిగోడ మందముగా నుండుటచేత అడుగు స్వరములను బయటికి పోనీయక లోననే నిలుపును. రేకుల ఇండ్లలో ఇది యంతగా ఉండదు. కాని అక్కడ రేకులే తాళము వేయును.

కనుక పెట్టెకు తగిన చోటు వెదకవలెను. దీనికి ఒక తిరుగుబాటు ఉపాయము కలదు. వినువారు కూర్చుండు చోట పెట్టెనుంచి, పాట పెట్టి, మనము గోడల వెంబడి ప్రాకుచు, పెట్టె యుండదగిన ఎత్తున చెవినుంచి వినవలెను. ఎక్కడ స్వరములన్నియు సమముగా, ఘోష లేక, స్పష్టముగా వినపడునో అదియే పెట్టె స్థానము. ధ్వని ఇటునుండి అటు పోయినను, అటునుండి ఇటు వచ్చినను దారి ఒకటియే గనుక ఈ ఉపాయము పనిచేయును. ముసలమ్మ మంచముపై వూఫరు కూర్చున్నది. పదవ తరగతి చదువు మనుమడు నవ్వుచు గది చుట్టు ప్రాకెను. మేము చెప్పకుండగనే నిడుపు గోడలో మూడవవంతు దూరమున ఆగి, “ఈడ బాగుంది” అనెను. నేనును ప్రాకి చూచితిని. వాడు చెప్పినదే నిజము.

ఆ చోట పెట్టె నుంచగానే అటకమీది ఇత్తడి చెంబులు గణగణ లాడసాగినవి. చెంబుల నడుమ గుడ్డపీలికలు దోపితిమి. పెట్టె అదురు నేలకు, నేలనుండి గోడకు ప్రాకకుండ, పెరటిలో మిగిలియున్న కడప బండముక్క నొకదానిని తెచ్చి, క్రింద మడిచిన గోనెసంచి పరచి, దానిపై బండను, బండపై పెట్టెను ఉంచితిమి. బరువైన బండ మెత్తని గోనెపై కూర్చున్నప్పుడు అదురు చాలవరకు అక్కడనే ఆగును. పట్టణములలో ఇందుకు వేలరూపాయల పీటలు అమ్ముదురు. కడపజిల్లావారికి ఆ ఖర్చు దేవుడు తప్పించెను.

తరువాత క్రాస్ఓవరు. చిన్న స్పీకర్లు ఏ స్వరము వద్ద చేతులెత్తునో అక్కడ వూఫరు అందుకొనవలెను. ఆరంగుళముల స్పీకర్లున్నచో 80 మంచిది. సుమారు 80కి దిగువ స్వరము ఎటునుండి వచ్చుచున్నదో చెవి పోల్చలేదు. పెట్టె ఎక్కడున్నను చింత లేదు. నాలుగంగుళముల స్పీకర్లకు 120 వరకు ఎత్తవలసివచ్చును. అప్పుడు పెట్టె ఉనికి తెలియనారంభించును గనుక, దానిని స్పీకర్ల రెండిటికి సమీపముననే ఉంచవలెను. ఇచ్చటి స్పీకర్లు నాలుగంగుళములవి. మా అదృష్టముచేత మనుమడు వెదకిన చోటు కుడి స్పీకరుకు ప్రక్కనే. దశ మీటను అటునిటు త్రిప్పి, ఏవైపున తొప్పి నిండుగా పలికెనో ఆవైపున విడిచితిమి.

ఇక ఆ గుయ్యిమను రొద. మన ఇండ్లలోని కరెంటు సెకనుకు 50 కంపనములు చేయును. ఆ 50, దాని రెండింతలగు 100, సరిగా వూఫరు రాజ్యములోనివి. చిన్న స్పీకరులో దాగిన రొదను వూఫరు వీధికెక్కించును. కొంత రొద క్యాసెట్టులోనే యున్నది. దానిని ఏమియు చేయలేము. తక్కినది తీగలది. ఆంప్లిఫయరును, వూఫరును, ఫోను చార్జరును వేరు వేరు గోడలలో తగిలించిరి. అన్నిటిని ఒకే పలకకు మార్చి, పాట తీగను కరెంటు తీగలనుండి జానెడు ఎడముగా జరుపగా సగము రొద పోయినది. రొద పోవునని ప్లగ్గు మూడవ పుల్లను విరుచువారున్నారు. అది ఎర్తు పుల్ల. ప్రాణముతో చెలగాటము. ఆ పని ఎన్నడును చేయరాదు.

రేడియో వినువారికి ఒక మాట. వార్తలకు, ప్రసంగములకు వూఫరును ఆపివేయుడు. మాటకు అది సాయము చేయకపోగా, పురుషకంఠమును కుండలో పలికినట్లు చేయును. స్టూడియోలలో మైకు ముందు ఊపిరి తాకుడును తొలగించుటకు అడుగు స్వరములను బుద్ధిపూర్వకముగా కోసివేయుట కలదు. మేము కోసినదానిని మీరు ఉబ్బించిన ఏమి లాభము? ఎఫ్.ఎం.లో కచ్చేరి వచ్చునప్పుడు మరల పెట్టుకొనుడు.

పొరుగువారి మాట కూడ. అడుగు స్వరము గోడను దాటినంత సులభముగా మరియే స్వరమును దాటదు. పాట వినపడదు, గుద్దు మాత్రము వినపడును. నిద్రపోవువానికి అంతకంటె బాధ లేదు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలలో నివాసప్రాంతములకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళ హద్దు విధించిరి. రాత్రి యనగా పదిగంటల నుండి ఉదయము ఆరువరకు. ఆ కొలతలో అడుగు స్వరములకు తూకము తక్కువగా వేయుదురు. కనుక హద్దులోనే యున్నామని మీటరు చెప్పినను, పొరుగింటి పసిబిడ్డ వేరుగా చెప్పవచ్చును.

ఇంత చేసిన పిదప ఆ భజన రికార్డును మొదటినుండి పెట్టితిమి. తాళములు, హార్మోనియము, కుడిచేతి చినుకులు, వాని క్రింద, ఇన్నాళ్ళు లేనిది, తొప్పి. రైతు ముఖము వికసించెను. గుండీని ఇంకను పెంచెను. నాకును బాగుగనే తోచినది. ముసలమ్మ మాత్రము చేయి అడ్డముగా ఊపెను.

“అంత గట్టిగా కొట్టడు నాయనా ఆయన. తగ్గించు.”

తగ్గించెను. “ఇంకా.” మరికొంత తగ్గించెను. నా చెవికి వూఫరు ఉన్నదా లేదా అను సందేహము కలుగు చోట ఆమె చేయి ఆగెను. పాట ముగియువరకు ఆమె మరి మాటాడలేదు. నిజమునకు సరియైన మట్టము అదియే. ప్రత్యేకముగా వినపడినంతసేపు అది హెచ్చినట్లే. పాట నడుమ వూఫరును ఆపి చూచితిమి. వెంటనే గది బోసిపోయినది.

మనుమడు సుద్దముక్క తెచ్చి ఆ గుండీ ప్రక్కన ఒక గీత గీచెను. మూడువేల అయిదువందలు మిగిలినవి. ఆ చిన్న స్పీకర్లను మార్చవచ్చునా అని రైతు అడిగెను. పైరు డబ్బు వచ్చు వరకు ఆగుడని చెప్పితిని.